మాటతో మోటార్: ఇంటి స్విచ్‌లు ఏఐ చేతికి ఎలా వెళ్తాయి?

‘సహరీకి ముందు బోరు మోటార్ వెయ్యి’ అని ఫోన్‌లో ఏఐ అసిస్టెంట్‌కు చెబితే, అది నేరుగా స్విచ్ ముట్టుకోదు. ఏ పని చేయాలో మాత్రమే పంపుతుంది. చేసేది ఇంట్లో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్. ఈ రెండూ మాట్లాడుకునే పద్ధతుల్లో ఒకటి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ). ఆంత్రోపిక్ కంపెనీ దీన్ని 2024 నవంబర్‌లో విడుదల చేసింది. ఉచితంగా దొరికే ‘హోమ్ అసిస్టెంట్’ సాఫ్ట్‌వేర్‌లో 2025 ఫిబ్రవరిలో ఈ సదుపాయం వచ్చింది.

కర్నూలు, కడప జిల్లాల్లో ఎండాకాలం బోర్లు అడుగంటడం మామూలే. నీళ్లు లేకుండా తిరిగితే మోటార్ కాలిపోతుంది. బోరులో నీళ్లున్నాయో లేదో సెన్సర్ చెబితే తప్ప ఏఐకి తెలీదు. అడిగితే మాత్రం ఊహించి చెప్పేయొచ్చు కూడా! అందుకే నీళ్లు లేనప్పుడు మోటార్ ఆపే డ్రై రన్ రక్షణ స్టార్టర్ ప్యానెల్‌లోనే ఉండాలి.

ఏఐకి ఏ పరికరాలు కనిపించాలో హోమ్ అసిస్టెంట్‌లో ఇంటివాళ్లే ఎంచుకోవచ్చు. లైట్లు, ఫ్యాన్లు, కూలర్ ఇస్తే పెద్ద ఇబ్బందేం లేదు. తలుపు తాళం, ఇంటి లోపలి కెమెరాలు ఇవ్వకపోవడమే మంచిది. (పడకగదిలో కెమెరా అసలెందుకన్నది వేరే మాట.) నెట్ లేనప్పుడు అమ్మీ చేత్తో వేసుకోవడానికి గోడ మీద మామూలు స్విచ్ తీసేయకూడదు.