చిరునామా చెదిరిన పుస్తకాలు

రాజపాళయం పక్కనున్న మంసాపురానికి శ్రీవిల్లిపుత్తూరు ఎంతో దూరం కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో గోదాదేవి కథ నడిపించింది ఆ ఊళ్లోనే. విజయనగర కాలం నుంచీ ఈ సీమలో తెలుగు కుటుంబాలున్నాయి. 1949లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి సారథ్యం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం తెలుగువాడే. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకున్న ఇక్కడి మనిషికి తన పొరుగూరి కథ చదవాలనిపిస్తే ఇవాళ ఫోను తీస్తే చాలు. పుస్తకం ఫోనులో ఉండదు, ఎక్కడో దూరాన ఏ యంత్రంలోనో ఉంటుంది. దూరాన ఉన్నదాన్ని దగ్గర ఉన్నట్టే నడిపించే పద్ధతికి కంప్యూటర్ రంగంలో హైరార్కికల్ స్టోరేజ్ మేనేజ్‌మెంట్ అని పేరు. పొట్టిగా హెచ్‌ఎస్‌ఎం.

తరచూ వాడే ఫైళ్లు వేగంగా పనిచేసే ఖరీదైన డిస్కుల మీద ఉంటాయి. నెలల తరబడి ఎవరూ తెరవనివి చవకైన టేపుల మీదికి పోతాయి. ఈ అంతస్తులను టైర్లు అంటారు, కిందికి దించడాన్ని మైగ్రేషన్ అంటారు. డిస్కు ఫలానా మేర నిండగానే దించడం మొదలుపెట్టమని చెప్పే గీత హై వాటర్ మార్క్. ఐబీఎం సంస్థ 1974లో ప్రకటించిన 3850 యంత్రంలో చిన్న టేపు గుళికలు తేనెపట్టు లాంటి అరల్లో ఉండేవి. అడిగిన గుళికను యంత్రమే వెతికి తీసి, అందులోని సమాచారాన్ని డిస్కు మీదికి చేర్చేది.

వీటన్నిటిలో నాకు అతి ముఖ్యంగా తోచేది స్టబ్. ఫైలు టేపు మీదికి వెళ్లిపోయాక దాని పాత చోటులో మిగిలే చిన్న గుర్తు అది. పేరు, తేదీ, పరిమాణం, అసలు ప్రతి ఉన్న తావు అందులో ఉంటాయి. దాన్ని తెరిస్తే ఫైలు వెనక్కి వస్తుంది, అదే రీకాల్. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. స్టబ్‌ను చెరిపేస్తే మాత్రం కథ వేరు. టేపు మీద ప్రతి పదిలంగా ఉన్నా దానికి యజమాని లేడని తీర్మానించి, తరవాతి తనిఖీలో దాన్నీ తీసేసే వ్యవస్థలున్నాయి. దూరంగా ఉన్నంత మాత్రాన ఏదీ పోదు, జాడ చెరిగితేనే పోతుంది.

తెలుగువాళ్లకు ఇది కంప్యూటర్లతో మొదలైన అనుభవం కాదు. దక్షిణాదిలో తాళపత్రాలు సేకరించిన జాన్ లేడెన్ 1811లో జావాలో మరణించాడు. ఆయన పోగుచేసిన ప్రతులు లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయానికి చేరి, చదివేవారు లేక పడి ఉన్నాయి. 1830ల్లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లిన సి.పి. బ్రౌన్ వాటిని గుర్తుపట్టి, పట్టుబట్టి మద్రాసుకు తిరిగి పంపించేలా చేశాడు. సర్వేయర్ మెకంజీ కోసం ఊరూరా రాయించిన కైఫీయతుల, అంటే గ్రామ చరిత్రల, కాగితాలు శిథిలమవుతుంటే వాటికి మళ్లీ నకళ్లు రాయించిందీ ఆయనే. మొదటిది రీకాల్. రెండోది, పాత టేపు పాడవకముందే కొత్తదానికి ఎక్కించే పని. మెకంజీ, లేడెన్, బ్రౌన్ సేకరణలే పునాదిగా 1869లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఏర్పడింది.

తిరుమలది ఇంకా గాఢమైన కథ. 1503లో కన్నుమూసిన అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీకులు రాగిరేకుల మీద చెక్కించి గుడిలోని చిన్న అరలో భద్రపరిచారు. రాగి కాలానికి తట్టుకుంది. అక్కడ ఏముందో చెప్పే జ్ఞాపకం మాత్రం తట్టుకోలేదు. 1816లో తన తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. కాంప్‌బెల్, తిరుపతిలో రాగిరేకుల మీద చెక్కిన పద్యాలున్నాయని విని, చూసి రమ్మని మనిషిని పంపాడు. ఒక వ్యాకరణానికి నకలు దొరికింది, మిగిలినవన్నీ దేవుడి మీద పాటలే. ఆయనకు కావలసింది వ్యాకరణం కనుక విషయం అక్కడితో ఆగింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. తలుపు దాకా వెళ్లినవాళ్ల చేతిలో వేరే చీటీ ఉంది! ఆ పాటలు లోకానికి తెలియడానికి 1922 దాకా, మరో నూరేళ్లకు పైగా పట్టింది. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని మనుమడు చిన్నన్న చెప్పాడు. ఇప్పుడు దొరుకుతున్నవి అందులో సగం కూడా లేవు.

దొరికినవాటిలోనూ ఒక లోటుంది. రేకు మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. పాడే పద్ధతి మనుషుల గొంతుల్లో ఉండిపోయి వాళ్లతోనే వెళ్లిపోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు మళ్లీ బాణీలు కట్టవలసి వచ్చింది. ఆర్కైవ్ నడిపేవారు ఫైలుతోపాటు దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ నిలుస్తుందా అని ఎందుకు బెంగపడతారో ఈ రేకులను చూస్తే తెలుస్తుంది. అక్షరం చెడిందో లేదో పట్టే లెక్క, అంటే చెక్‌సమ్, ఈ లోటును పట్టలేదు.

మన తరంలో ఈ పనిని అందుకున్నవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి. ఆయన ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కొన్నేళ్లకు ఆ సైటు అందుబాటులో లేకుండా పోయింది. అంతలోనే కార్ల్ మలముద్ సంస్థ లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించడంతో ప్రతులు దక్కాయి. ఒకే చోట ఉంచరాదన్న బ్యాకప్ సూత్రం మనల్ని కాపాడింది.

జాడల సంగతే బాగా లేదు. స్కాన్ చేసినప్పుడు తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే కావ్యం పేరు నాలుగైదు రకాలుగా ఉంటుంది. కర్త పేరు చోట ఇంకేదో ఉంటుంది. ప్రతి ఉంది, స్టబ్ చెడింది. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవారు కొందరు ఓపికగా కూర్చుని ఆ పేర్లను తెలుగు లిపిలో జాబితాలు చేశారు. సేకరించిన పండితులకు దక్కినంత గౌరవం వాళ్లకూ దక్కాలి. ఆ పనికి ఒక చేర్పు కావాలి. పేరు, కర్త, చిన్న పరిచయం తమిళ లిపిలోనూ ఉంటే, తెలుగు మాట వచ్చి తెలుగు రాత రాని మంసాపురం, రాజపాళయం పాఠకులు సొంతంగా వెతుక్కోగలరు. మొదలుపెట్టడానికి ఆముక్తమాల్యద ఉంది.