పొలం పేరులో దాగిన ఇటుక బట్టీ



ఇల్లు కట్టించేటప్పుడు వాకిట్లో ఇటుకల బండి ఆగిందంటే మనం ముందుగా ఏం చేస్తాం? రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి తట్టి చూస్తాం. ఖంగుమంటే బాగా కాలినట్టు, లేకపోతే పచ్చిదన్నట్టు. మన పరీక్ష అంతటితో సరి. అది ఎక్కడ కాలిందో, మట్టి ఎవరు మోశారో అడగం. ఇంగ్లండు పల్లెల్లో కొందరు ఆ ప్రశ్నే పట్టుకుని, ఎప్పుడో మాయమైన పాత బట్టీల జాడ తీస్తున్నారు. ఆ వెతుకులాట తమాషాగా ఉంటుంది, వినండి.

రైళ్లు రాకముందు ఇటుకలను దూరం తోలడం పెద్ద ఖర్చు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నెటిల్‌బెడ్ అనే ఊరుంది. 1416-17లో ఆ ఊరి పక్కనుంచి స్టోనర్ అనే జమీందారీ భవనానికి రెండు లక్షల ఇటుకలు కొన్నారు. ఇటుకలకు 40 పౌన్లయితే, కొద్ది మైళ్లు తోలినందుకే మరో 15 పౌన్లు! అందుకే మంచి మట్టి దొరికినచోటే తవ్వి, అక్కడే అచ్చుల్లో కోసి, అక్కడే కాల్చుకునేవారు. చాలాచోట్ల బట్టీ అంటూ కట్టడమే ఉండేది కాదు. పచ్చి ఇటుకలనే పేర్చి నిప్పు పెట్టేవారు. మన పల్లెల్లో వేసే ఆవం లాంటిదే అనుకోండి. కాలాక ఇటుకలు తీసుకుపోతే మిగిలేది బూడిదా, ఓ గొయ్యీను.

మరి దాన్ని కనిపెట్టడం ఎలా? మొదటి ఆధారం పేరు. అక్కడి రైతులు చర్చికి పంటలో పదోవంతు ఇచ్చేవారు. 1836లో చట్టం చేసి దాన్ని డబ్బు కిందికి మార్చారు. ఎవరెంత కట్టాలో తేలాలి గదా! అందుకని వేలాది ఊళ్లకు పటాలు గీసి, ప్రతి పొలానికీ నెంబరు వేసి, దాని పేరు, యజమాని, సాగుచేసేవాడు అన్నీ రాశారు. ఆ జాబితాలో 'బ్రిక్ కిల్న్ ఫీల్డ్' అని కనిపిస్తే చాలు, ఇటుక బట్టీ పొలమన్నమాట. బట్టీ పోయినా పేరు పోలేదు.

తరవాత ఆ పొలానికి వెళ్లి చూస్తారు. మూలనున్న చెరువుగుంట ఒకప్పుడు మట్టి తవ్విన గొయ్యి కావచ్చు. దున్నిన చాళ్లలో ఎర్రగా కాలిన మట్టి, గాజులా కరిగిన ఇటుక పెళ్లలు దొరకవచ్చు. కాలిన మట్టి చల్లారేటప్పుడు భూమి అయస్కాంత శక్తిని తనలో నిలుపుకుంటుంది. కనుక తవ్వకుండానే యంత్రంతో బట్టీ చోటు పసిగట్టగలరు.

ఈ చిన్న బట్టీలు ఎందుకు పోయాయంటారా? 1784 నుంచి 1850 దాకా ఇటుకల మీద పన్ను ఉండేది. దాన్ని తట్టుకుని బతికినవి కూడా ఎన్నో, తరవాత రైళ్ల మీద వచ్చిన పెద్ద కార్ఖానాల చవక ఇటుకల ముందు నిలవలేకపోయాయి.

ఇంతవరకు పటాలు చెబుతాయి. ఇక మనుషుల మాట. 1813 నుంచి చర్చి బాప్టిజం పుస్తకాల్లో బిడ్డ తండ్రి వృత్తి రాయడం మొదలైంది. 'ఇటుకలు చేసేవాడు' అని తండ్రి పేరు పక్కన ఉంటుంది. కానీ బట్టీ పని ఒక్కడి పనా? ఇల్లాలు, పిల్లలు అందరూ చెయ్యి వేస్తేనే సాగేది. జార్జ్ స్మిత్ అనే ఆయన తొమ్మిదేళ్ల వయసులోనే రోజుకు పదమూడు గంటలు మట్టి మోశాడు. నెత్తిన బరువు 40 పౌన్లు, అంటే మన లెక్కలో 18 కిలోలు! పెద్దయి బట్టీలో మేనేజరు అయినా ఆ బరువు మరిచిపోలేదు. పిల్లల కష్టాల మీద 1871లో పుస్తకం రాశాడు, యజమానులకు కంటగింపు అయ్యాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అయినా ఆ ఏడే చట్టం వచ్చింది. పదేళ్లలోపు పిల్లలనూ, పదహారేళ్లలోపు ఆడపిల్లలనూ ఇటుక బట్టీల్లో పెట్టుకోకూడదన్నారు.

నెటిల్‌బెడ్‌లో సీసా ఆకారపు పాత బట్టీ ఒకటి ఇళ్ల మధ్య ఇప్పటికీ నిలిచి ఉంది. దాన్ని బాగుచేసి కాపాడుకున్నారు. మట్టి మోసిన పిల్లల కోసం అలాంటి గుర్తేదీ ఏ పొలం పేరులోనూ లేదు.

మన దగ్గర బట్టీల్లో ఇప్పటికీ కుటుంబాలకు కుటుంబాలే పనిచేస్తున్నాయి. ఈసారి ఇటుకను తట్టి చూసినప్పుడు, ఎంత బాగా కాలిందనే కాదు, మోసింది ఎవరని కూడా ఓ మాట అడగండి. సెలవు.