వరికంకుల కుచ్చు

పిచ్చుకలకి గింజలు పెట్టమని మనకి ఎవరూ వచ్చి నేర్పలేదు. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అంటూ 2010 నుంచి చేస్తున్నారు కానీ, మన వైపు వసారాల్లో, గుళ్ల మండపాల్లో వరికంకుల కుచ్చులు అంతకు ఎన్నో తరాల ముందునుంచే వేలాడుతున్నాయి.

బెజవాడ దగ్గర కృష్ణమ్మ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ కాలవలతో డెల్టాలో వరి పెరిగింది. మా గిలకలదిండి మాత్రం చేపల ఊరు. కోతలయ్యాక గుడివాడ వైపు చుట్టాలు వస్తూ ఓ కట్ట కంకులు తెచ్చేవారు, వెళ్తూ ఎండుచేపలు పట్టుకెళ్లేవారు. ఎండు కాడ పుటుక్కున విరుగుతుందని మా అత్తయ్యగారు నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి, తర్వాత జడ అల్లినట్టు అల్లేవారు. చూరుకి కడితే కోళ్లకీ అందదు, పిల్లికీ అందదు. ఇప్పుడు కోత మిషను వచ్చాక గింజ ఒకవైపు, నలిగిన గడ్డి ఒకవైపు. కాడతో ఉన్న కంకి కావాలంటే ముందే చెప్పి కొడవలితో కోయించుకోవాలి.

తిండి ఒక్కటే అయితే ఎలాగోలా పెడతాం. గూడు సంగతి వేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరుని ముంచేసింది, దాదాపు 30,000 మంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమ. ఆ తర్వాతే ఈ తీరంలో తుఫాను షెల్టర్లు, పక్కా ఇళ్లు లేచాయి. తాటాకు చూరు, వెదురు బొంగు, మట్టిగోడలో కన్నం, ఇవే పిచ్చుక కాపురాలు. స్లాబు ఇంట్లో దానికి చోటేదీ? అలాగని స్లాబు వద్దని ఎవరనగలరు? ఉప్పెన చూసిన వాళ్ల ముందు ఆ మాట నేనైతే అనను.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనం మాటవరసకి అంటాం. చైనా వాళ్లు 1958లో నిజంగానే వేశారు. ధాన్యం తింటోందని ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు దాన్నీ శత్రువుల జాబితాలో చేర్చారు. ఊరూరా పళ్లాలు, డప్పులు మోగించి, ఎక్కడా వాలనివ్వకుండా, అలిసి రాలిపోయేదాకా తరిమారు. పిచ్చుకలు పోయాక పురుగు పైరుమీద పడింది. 1960లో జాబితాలోంచి పిచ్చుకని తీసేసి నల్లిని పెట్టారు.

పిచ్చుక గింజలే తింటుందని మనమూ అనుకుంటాం. పిల్లలకి మాత్రం పురుగులే తెచ్చి పెడుతుంది. అందుకే కుచ్చు కట్టిన పెరట్లో చిక్కుడుపాదుకి పురుగుమందు కొట్టకండి. పేనుబంక వస్తే నీళ్లతో కడగండి, కాస్త వేపనూనె చాలు.

గూటికి చెక్కపెట్టె చేయిస్తే కన్నం ఒకటింబావు అంగుళం ఉండాలి. ఇంకా పెద్దదైతే గోరింకలు దూరతాయి. ఎండ తగలని గోడకి, పిల్లికి అందని ఎత్తులో కొట్టించండి. ఫ్యాను తిరిగే గదిలో మాత్రం వద్దు. పిల్లలు ఎగిరిపోయేదాకా పెట్టె మూత తీసి చూడొద్దని ఇంట్లో పిల్లలకీ చెప్పండి.