తుపాకీలో ఏది పడితే అది వేస్తే ముప్పే
నాటు తుపాకులు, ఎయిర్‌ రైఫిళ్ల వాడకంలో జాగ్రత్తలు

అడవి పందుల బారి నుంచి పంట చేలను కాపాడుకునేందుకు అటవీ సరిహద్దు గ్రామాల్లో గొట్టం ముందు నుంచి మందు దట్టించి పేల్చే తుపాకులను తరతరాలుగా వాడుతున్నారు. పట్టణాల్లో ఎయిర్‌ రైఫిల్‌ క్రీడగా ఆదరణ పొందింది. హైదరాబాద్‌ షూటర్‌ గగన్‌ నారంగ్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించింది పది మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌ విభాగంలోనే. ఈ రెండు ఆయుధాలకూ ఒక నియమం సమానంగా వర్తిస్తుంది. గొట్టంలో పట్టినంత మాత్రాన ప్రతి గుండూ, ప్రతి మందూ దానికి తగినది కాదు. ఆ తేడా తెలియకపోతే పేల్చినవారే ముందుగా గాయపడే ప్రమాదం ఉంది.

చట్టం ఏమంటోంది?

పంట రక్షణ కోసం ముందు నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చేందుకు 1959 నాటి ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్‌ వీలు కల్పిస్తోంది. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా తప్పవు. 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కన్నా పెద్ద గొట్టం లేదా 20 జౌళ్లకు మించిన శక్తి గల ఎయిర్‌ రైఫిల్‌కూ లైసెన్సు అవసరం. లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్లు కాదు. అధికారుల అనుమతి లేకుండా అడవి పందిని చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మందు మారితే గొట్టం చీలుతుంది

కర్మాగారంలో తయారైన తూటాలో మందు, గుండు కొలత ప్రకారం ఉంటాయి. ముందు నుంచి దట్టించే తుపాకీలో ఆ కొలత పేల్చేవారి చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఆ తుపాకీకి నిర్దేశించిన నల్లని తుపాకీ మందును, నిర్దేశించిన పరిమాణంలోనే వాడాలి. తూటాలను విప్పి తీసిన పొగరాని మందును వాడితే ఒత్తిడి విపరీతంగా పెరిగి గొట్టం చీలిపోతుంది. టపాసుల మందు మరింత అపాయకరం. అందులో కొన్ని రకాలు దట్టించే కడ్డీ రాపిడికే అంటుకుంటాయి.

మందును డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పోయరాదు. లోపల మిగిలిన నిప్పురవ్వ డబ్బా మొత్తాన్ని అంటిస్తుంది. విడిగా కొలిచి పోయాలి. గుండు మందును ఆనుకొని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బే లేదా పగిలే ప్రమాదం ఉంది. మేకులు, రాళ్లు, ఇనుప ముక్కలు వేయరాదు. కడ్డీపై ఖాళీ గొట్టానికి ఒక గీత, దట్టించిన గొట్టానికి మరో గీత పెట్టుకుంటే, మరచిపోయి రెండోసారి దట్టించే పొరపాటు తప్పుతుంది. క్యాప్‌ను పేల్చే చోటనే, చివరగా అమర్చాలి. పేలకపోతే గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం ఒక నిమిషం వేచి ఉండాలి. మందు దగ్గర బీడీ, దీపం ఉండరాదు. మందు మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది కాబట్టి వాడిన రోజే శుభ్రం చేయాలి.

ఎయిర్‌ రైఫిల్‌ ఆటవస్తువు కాదు

గొట్టం 4.5 మిల్లీమీటర్లదైతే పెల్లెట్‌ కూడా అదే కొలతలో ఉండాలి. లోపల గాట్లున్న గొట్టానికి మెత్తని సీసపు పెల్లెట్లే తగినవి. ఉక్కు గుండ్లు ఆ గాట్లను పాడుచేస్తాయి. గట్టి వస్తువుకు తగిలి వెనక్కి ఎగిరి వస్తాయి. ఒకసారి వాడిన, వంకర పోయిన పెల్లెట్లను తిరిగి వేయరాదు. స్ప్రింగ్‌ రైఫిల్‌ను పెల్లెట్‌ లేకుండా పేలిస్తే లోపలి ముషలకం దెబ్బతింటుంది. గొట్టాన్ని విరిచి పెల్లెట్‌ వేసేటప్పుడు దానిని గట్టిగా పట్టుకోకపోతే వేళ్లు నలిగిపోతాయి. సిలిండర్‌ రకంలో పొడి గాలినే నింపాలి, ఆక్సిజన్‌ ఎన్నడూ నింపరాదు. సీసం విషపదార్థం కనుక సాధన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇంట్లో ఉన్నప్పుడు

తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసి, మందు, క్యాప్‌లు, పెల్లెట్లను వేర్వేరు చోట్ల పిల్లలకు అందకుండా భద్రపరచాలి. కంటికి పెల్లెట్‌ తగిలితే నలపరాదు, కడగరాదు, దానిని లాగే ప్రయత్నం చేయరాదు. కంటిపై ఒత్తిడి పడకుండా శుభ్రమైన కప్పు వంటిది అడ్డుపెట్టి వెంటనే 108కి ఫోన్‌ చేయాలి.