అతుకుల బొంత

ఏ పనైనా పొందికగా కుదరకపోతే “అదంతా అతుకుల బొంత” అని తీసిపారేయటం మనలో వాడుక. ఉపన్యాసం తీరుగా లేకపోయినా ఆ మాటే, నలుగురు కలిసి నడిపే ప్రభుత్వంలో పొత్తు కుదరకపోయినా ఆ మాటే. ఇలా అనేవారు ఎన్నడూ ఒక బొంత దగ్గర కూర్చుని సూది పట్టినవారు కారని మా నమ్మకం. పట్టినవారికి తెలుసు, అతుకు లోపం కాదు, అతకటంలో అశ్రద్ధే లోపమని. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలనుంచి బ్రతుకుతెరువుకై బయలుదేరి వచ్చిన కుటుంబాలవారము మేము. యీ ఉగాది సంచికలో మా సీమ బొంతను గురించి నాలుగు మాటలు చెప్పుకొనాలని మా కోరిక.

ముందుగా సీమ సంగతి. బాగేపల్లి దాటి ఉత్తరంగా పోతే గోరంట్ల వైపు తెలుగు నేల. చింతామణి దాటి తూర్పుగా పోతే మదనపల్లె. నడుమనున్న మేము మాత్రం మైసూరు దొరతనంలోనివారము. 1956 నవంబరు 1న భాషలనుబట్టి రాష్ట్రాలను సర్దినప్పుడు మా కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయినది. 1973లో ఆ రాష్ట్రానికి కర్ణాటక అని పేరు వచ్చినది. 2007లో కోలారునుంచి చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడినది. 2025 జూలైలో నందికొండమీద కూడిన కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్ట నిశ్చయించినది. ఇన్ని మార్పుల మధ్య కూడ బడిలో కన్నడము, ఇంట్లో తెలుగు అన్న ఏర్పాటు తరతరాలుగా సాగినది. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారాయణ తాతయ్య తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పినాడు. రెండు భాషలను పక్కపక్కన పెట్టుకొని బ్రతకటం మాకు కొత్త కాదు.

బొంత ఒక్క మా సీమ సొత్తని మేమనము. పాతగుడ్డలను అతికి కుట్టిన దానిని సంస్కృతంలో కంథ అన్నారు. బెంగాలువారు కాంథా అనీ, బీహారువారు సుజని అనీ, మహారాష్ట్రులు గోధడి అనీ, ఉత్తర కర్ణాటకంవారు కౌది అనీ అంటారు. పేరు ఏదైనా మూలసూత్రం ఒక్కటే. కట్టి కట్టి మెత్తబడిన నూలుగుడ్డను పారవేయక, పొరమీద పొర వేసి, దారంతో ఒకటి చేయటం.

మాది మిట్టనేల. నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున ఆ గాలి ఎముకలు కొరుకుతుంది. ఉన్నవారికి గొర్రెబొచ్చు కంబళి ఉండేది. లేనివారికి బొంతే కంబళి, బొంతే పరుపు, పసిబిడ్డకు బొంతే ఉయ్యాలలో మెత్త. జీవనది లేని చోట చెరువు నిండితేనే పంట, చెరువు ఎండితే కరవు. 1876-78 నాటి మహాక్షామం సంగతి చరిత్రలో చదివినవారికి తెలుసు. 1871 లెక్కలలో 50 లక్షలు దాటిన మైసూరు సంస్థానపు జనం 1881 నాటికి 42 లక్షలకు దిగిపోయినది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, 1943లో, బట్టమీద ప్రభుత్వ నియంత్రణ వచ్చినది. ఇటువంటి రోజులు చూసిన ఇల్లాలు జానెడు గుడ్డను కూడ పారవేయదు. బొంత వేడుకకు పుట్టలేదు, లేమిలో పుట్టినది. ఆ లేమిలోనే అందం వెతుక్కొన్నారు మన ఆడవారు. దానికే మనం నమస్కరించవలసినది.

బొంతకూ ఉగాదికీ ఒక చుట్టరికమున్నది. పండుగకు కొత్తబట్ట ఇంటికి వస్తే పాతబట్ట మూటలోకి పోయేది. రాగి, వేరుసెనగ నూర్పిళ్ళు అప్పటికి ముగిసేవి. ఎండలు ముదిరి పొలంలో పని ఉండేది కాదు. మధ్యాహ్నం వసారాలో చాప పరచి అవ్వలు మూట విప్పేవారు. ఆరుగజాల చీర పద్దెనిమిది అడుగులు. దానిని మూడు ముక్కలు చేస్తే ఆరేసి అడుగులు. వెడల్పు మూడుముప్పాతిక అడుగులనుకొంటే, రెండు చీరలలోని ముక్కలను పక్కపక్కన చేర్చగా ఆరడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పుగల మూడు పొరలు తయారౌతవి. బడి మెట్లెక్కని అవ్వ యీ లెక్కను నోటితో చెప్పేది. పైపొరకు మాత్రం మంచి రంగున్న కొంగులు, అంచులు, రవికె గుడ్డలు ఏరి అతుకులుగా వేసేవారు.

ఇక నేర్చుకొనటం సంగతి. పిల్లలకు మొదటి పని సూదిలో దారమెక్కించటం. అవ్వకు చూపు ఆనదు గనుక ఆ పని మాది. దారం మూరకు మించి తీస్తే చిక్కుపడుతుందని అక్కడే తెలిసేది. తరువాత గుడ్డ చింపటం. కత్తెరతో కోసిన ముక్క వంకరపోవచ్చును. అంచున చిన్న గాటు పెట్టి చింపితే నూలుపోగు వెంటే చినుగుతుంది, ముక్క చక్కగా వస్తుంది. పడుగుకు పడుగు, పేకకు పేక కలిసేటట్లు ముక్కలు పెట్టాలి. ఏటవాలుగా పెట్టినది ఉతుకులో సాగి పొంగుతుంది. బొటనవేలి గోటితో అంచును లోపలికి మడిచి, నీళ్ళచెంబుతో అదిమి, అప్పుడే సూది వేయాలి. ఇవన్నీ దాటినవారినే అసలు కుట్టుకు కూర్చోబెట్టేవారు.

పొరలన్నీ పరచిన తరువాత నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, నడుమనుంచి బయటికి పెద్ద పెద్ద పచ్చికుట్లు వేసేవారు. నడుమ వదలి అంచులనుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకు చేరి ముడతపడుతుందని వారి అనుభవం. ఆపైన సన్నకుట్టు. సూది పైకి ఎంత తేలితే కిందికి అంతే మునగాలి. ముడి పొరల మధ్యన దాగాలి. బొంతను తిరగవేసి చూస్తే ఏది పైవైపో, ఏది కిందివైపో పోల్చుకొనలేకుండా ఉంటే ఆ పిల్లకు కుట్టు వచ్చినట్లు. అంగుళానికొక వరుస, వరుసలో అంగుళానికి మూడు కుట్లు అనుకొంటే, పైన చెప్పిన బొంతకు మొత్తం 19 వేల కుట్లకు పైమాట. వంకరపోతే అవ్వ తిట్టేది కాదు. “ఊడదీసి మళ్లా కుట్టు బిడ్డా, దారం మనదే గదా” అనేది. ఊడదీయటం అవమానం కాదని మేము నేర్చినది అక్కడే.

ఒక చేతి పద్ధతి ఇంకొక చేతికి ఉండదు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, అంటే పూర్వం ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతివారు, తమ కవంది బొంతను అంచుదగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుముకు వస్తారు. నాలుగు మూలలా మడిచిన గుడ్డతో పూవులు పెట్టనిదే అది పూర్తి కాదంటారు. మనవారు లోపలినుంచి బయటికి, వారు బయటినుంచి లోపలికి. రెండూ చక్కగానే నిలుస్తవి. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నీగ్రో స్త్రీలు అని ఆనాడు పిలువబడిన నల్లజాతి తల్లులు, పనిబట్టల ముక్కలతో చలికి కుట్టుకొన్న బొంతలు 2002లో హ్యూస్టను చిత్రశాల గోడలకెక్కినవి. 2006లో ఆ దేశపు తపాలా బిళ్ళలమీద కూడ అచ్చయినవి. లేమిలో పుట్టిన పనిని లోకం తలెత్తి చూడటానికి ఇన్నాళ్ళు పట్టినది.

మరి మా ఇళ్ళలో బొంత ఎందుకు తగ్గినది? సోమరితనమే కారణమంటే అది తొందరపాటు. నూలుచీరల స్థానంలో పాలియెస్టరు చీరలు వచ్చినవి. అవి చిరగవు, మెత్తబడవు, చెమట పీల్చవు, సూదికింద జారిపోతవి. బొంతకు పనికివచ్చే పాతగుడ్డే ఇంట్లో లేకుండా పోయినది. పానిపట్టు మరమగ్గాల చౌక దుప్పట్లు సంతకు వచ్చినవి. కుట్టుమిషను ఉన్నవారు ప్రయత్నించినా, అన్ని పొరలు దాటలేక దాని సూది విరిగేది. పిల్లలు చదువులకు బెంగుళూరు చేరినారు, అక్కడినుంచి ఇంకా దూరం పోయినారు. మేమూ ఆ పోయినవారిలోనివారమే.

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక బొంత ఉన్నది. అందులో నాయన పంచె ఉన్నది, అమ్మ నిత్యం కట్టిన చీర ఉన్నది. ఒక మూలన జానెడు మేర కుట్లు తాగినవాడి నడకలా వంకరగా పోయినవి. అవి మేము చిన్ననాడు వేసినవి. అన్నీ ఊడదీయించిన అవ్వ ఆ జానెడును ఎందుకు వదిలినదో ఇప్పుడడుగుదామంటే ఆమె లేదు. పోయిన చలికాలం ఆ బొంత అంచు విడిపోయినది. బాగుచేయించుదామని మనవాళ్ళలో నలుగురిని అడిగినాము. మా అమ్మకు వచ్చు, మా అత్తకు వచ్చు అన్నారేగాని, నాకు వచ్చు అన్నవారు ఒక్కరూ లేరు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. చివరికి మేమే సూది పట్టినాము. మూడుమార్లు ఊడదీసినాము. నాలుగవమారు జానెడు అంచు కుదిరినది. చేయి మరచినదనుకొన్నాము, పూర్తిగా మరువలేదు.

బొంత లేకపోతే చలికి చచ్చిపోయే స్థితిలో ఇవాళ మనం లేము. అయితే పచ్చికుట్టు, పడుగు, పేక, పేలిక, అంచు అనే మాటలు పుస్తకంలో చదివితే పిల్లలకు అంటుకొనవు. గుడ్డ చేతిలో ఉన్నప్పుడే నోటికి వస్తవి. అవ్వ తెలుగు బ్రతికినది బడిలో కాదు, ఇలాంటి పనులలో. కనుక మా మనవి ఒక్కటే. మన సంఘం కూడే రోజులలో ఒక మధ్యాహ్నం చాప పరుద్దాము. ఇంటికొక పాత నూలుగుడ్డ తెండి. కుట్టు తెలిసిన పెద్దలు నడుమ కూర్చోండి, పిల్లలు దారమెక్కించండి. పైఉగాదికి ఒక్క బొంత పూర్తయినా చాలు. అందులో వంకర కుట్లు కొన్ని మిగిలినా తప్పులేదు.

అప్పుడు మనలను ఎవరైనా అతుకుల బొంత అంటే, అవును, చేతికుట్టే అని నవ్వుతూ చెప్పవచ్చును.