మంచు తుఫానులూ, లోకాభిరామాయణమూ

మన పల్లెలలో పుష్యమాసపు తెల్లవారుజామున చలిమంట వేసుకొని నలుగురు చుట్టూ కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. ఎవరి ఎడ్లు ఎంతకు అమ్ముడుపోయాయి, ఎవరింట పెళ్ళి కుదిరింది, నిన్నటి కల ఏమిటి అన్న ఆ మాటలకు ప్రయోజనమంటూ ఏదీ ఉండదు. వాటికి పెద్దలు పెట్టిన పేరే లోకాభిరామాయణము. కాని చలిమంట దగ్గరకు వెళ్ళడానికి కూడా వీలు లేనంత చలి పడితే, గుమ్మము దాటితే ప్రాణమునకే ముప్పు అయితే, ఆ మాటలు ఏ దారిన పోతాయి? ఉత్తర అమెరికా చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి సమాధానాలు దొరుకుతాయి. వైద్యునిగా నాకు ఆ చరిత్రపై వేరే ఆసక్తి కూడా ఉంది. అది వ్యాసములో ముందుకు వెళ్ళినకొద్దీ తెలుస్తుంది.

మంచు కురిసినంత మాత్రాన దానిని అక్కడివారు బ్లిజర్డ్ అనరు. గంటకు 35 మైళ్ళు గాని అంతకు మించి గాని గాలి వీచాలి. పావు మైలు దూరములో ఉన్నది కూడా కంటికి కనబడకూడదు. ఆ స్థితి కనీసము మూడు గంటలు కొనసాగాలి. అప్పుడే అది మంచు తుఫాను. అట్టి వేళలో తన ఇంటి కొట్టమునకు వెళ్ళిన రైతు తిరిగి ఇంటి తలుపును కనుగొనలేక, పది గజాల దూరములోనే గడ్డకట్టి మరణించడము కట్టుకథ కాదు.

1888వ సంవత్సరము మార్చి 11వ తేదీ రాత్రి న్యూయార్కు నగరములో కురుస్తున్న వాన మంచుగా మారింది. తరువాతి రెండు మూడు రోజులలో తూర్పు తీరమున 400 మందికి పైగా మరణించారు. వారిలో సుమారు సగము మంది న్యూయార్కు నగరవాసులే. ఆ నాటి తంతి తీగలు, టెలిఫోను తీగలు వీధుల మీదుగా స్తంభాలపై సాగేవి. మంచు బరువుకు అవి తెగిపడ్డాయి. బోస్టన్ నుంచి న్యూయార్కుకు రెండు వందల మైళ్ళకు కొంచెము పైగా దూరము. ఆ రోజులలో ఆ రెండు నగరాల మధ్య వార్తలు అట్లాంటిక్ సముద్రము అడుగున వేసిన తీగల ద్వారా లండనుకు వెళ్ళి, మరల సముద్రము దాటి వచ్చాయి. పక్కింటివారికి మాట చెప్పడానికి కాశీకి మనిషిని పంపినట్లు ఉంది వ్యవహారము. తీగలను భూమిలో పాతిపెట్టాలనే పట్టుదల నగరమునకు ఆ తుఫాను తరువాతనే బలపడింది.

ఆ తుఫానులో న్యూయార్కు మాజీ సెనేటరు రాస్కో కాంక్లింగ్ బండివాడు అడిగిన కిరాయి ఎక్కువని కోపించి, వాల్ స్ట్రీట్ నుంచి మాడిసన్ స్క్వేరు వైపు కాలినడకన బయలుదేరాడు. దారిలో మంచులో కూలబడి, ఎలాగో లేచి గమ్యము చేరాడు. ఏప్రిల్ 18న మరణించాడు. మరణకారణము చెవి వెనుక ఎముకలో మొదలై మెదడుకు ప్రాకిన చీము. ఆ రోజులలో సూక్ష్మజీవి నాశకాలు లేవు. మంచు నేరుగా అతనిని చంపిందని నేను చెప్పలేను గాని, ఆ కిరాయి ఇచ్చి ఉంటే బాగుండేదని మాత్రము అనిపిస్తుంది.

తంతి కార్యాలయాలలో పనిచేసే ఉద్యోగులు పని లేని వేళల తీగపైనే కబుర్లు చెప్పుకొనేవారు. ముఖము చూడని స్నేహాలు, పరిహాసాలు, చదరంగపు ఆటలు, చివరకు ప్రేమలు కూడా ఆ చుక్కల గీతల భాషలో నడిచాయి. 1879లోనే ఎల్లా ఛీవర్ థేయర్ అనే రచయిత్రి తంతిపై సాగిన ప్రేమను గురించి నవల వ్రాసింది. తరువాత గ్రామసీమలలో ఒకే టెలిఫోను తీగకు పదిమంది రైతుల ఇళ్ళను కలిపే పద్ధతి వచ్చింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మిగిలినవారు కూడా రిసీవరు ఎత్తి వినవచ్చును. మర్యాద కాదని అందరికీ తెలుసు, అందరూ వినేవారు. శీతకాలములో ఆ తీగయే వారి రచ్చబండ.

ఇక 1978వ సంవత్సరమునకు వస్తాను. ఆ శీతకాలము అమెరికాను వరుసగా దెబ్బతీసింది. జనవరి 16న షికాగో ప్రాంతములో మంచు దట్టముగా పడి, వార్డ్ క్రిస్టెన్‌సెన్ అనే ఐ.బి.ఎం. ఉద్యోగి ఇల్లు కదలలేకపోయాడు. తన మిత్రుడు ర్యాండీ స్యూస్‌కు ఫోను చేశాడు. ఇద్దరికీ 32 ఏళ్ళు. ఇద్దరూ షికాగోలోని కంప్యూటరు అభిరుచిపరుల సంఘములో సభ్యులు. సంఘము గోడపై ఒక బెండు పలక ఉండేది. ‘నాకు ఫలానా పరికరము కావాలి’, ‘వచ్చే సమావేశమునకు నన్ను ఎవరైనా కారులో తీసుకువెళ్ళగలరా’ వంటి చీటీలను దానిపై గుచ్చేవారు. ఆ పలకనే కంప్యూటరులో పెట్టి, ఎవరి ఇంటి నుంచి వారు ఫోను ద్వారా చీటీ గుచ్చే ఏర్పాటు చేస్తే ఎలా ఉంటుందన్నదే ఆ రోజు వారి సంభాషణ. సంఘము వారందరినీ సంప్రదిద్దామని క్రిస్టెన్‌సెన్ అంటే, కమిటీలు వేస్తే పని జరగదు, మనమిద్దరమే చేద్దామన్నాడట స్యూస్. ఆ మాటలోని వివేకము ఉద్యోగము చేసిన వారెవరికైనా తెలుస్తుంది.

ఒకరు సాఫ్ట్‌వేరు వ్రాశారు, ఇంకొకరు విడిభాగాలు కూర్చారు. పని సుమారు రెండు వారాలలో ముగిసిందనీ, అంత త్వరగా చేశామంటే ఎవరూ నమ్మరని నెల రోజులని చెప్పుకొన్నామనీ వారు తరువాత అన్నారు. అలా ఆ యంత్రమునకు ఫిబ్రవరి 16 పుట్టినరోజు అయింది. దాని పేరు సి.బి.బి.ఎస్. దానిని స్యూస్ ఇంటిలో ఉంచడానికి కారణము కూడా లౌకికమైనదే. అతని ఇల్లు షికాగో నగరములో ఉండుట వలన ఎక్కువమందికి దూరపు కాలు రుసుము పడదు.

ఆ యంత్రమునకు ఫోను తీగ ఒక్కటే. ఒక సమయములో ఒక్కరే మాట్లాడగలరు. తక్కిన వారు ‘ఎంగేజ్’ మ్రోత విని మరల ప్రయత్నించాలి. వేగము సెకనుకు 30 అక్షరాలు. మనము చదివే వేగమునకు అది ఇంచుమించు సరిపోతుంది. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి తెరపై పడుతుంటే, అవతలి మనిషి కూర్చొని వ్రాస్తున్నట్లే ఉండేదన్నమాట. ఆ యంత్రము విరమించే నాటికి దానికి రెండున్నర లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. స్యూస్ 2019లో, క్రిస్టెన్‌సెన్ 2024లో కన్నుమూశారు.

కంప్యూటరుపై కబుర్లకు ఇదే ఆరంభము అనడము పొరపాటు. అదే ఇల్లినాయి రాష్ట్రములోని విశ్వవిద్యాలయములో 1973లోనే ప్లేటో అనే విద్యాబోధన యంత్రముపై విద్యార్థులు టాకోమాటిక్ ద్వారా ఒకేసారి అయిదుగురు మాట్లాడుకొన్నారు. కాని అది విశ్వవిద్యాలయపు ఆస్తి. క్రిస్టెన్‌సెన్, స్యూస్‌లు చేసినది ఎవరైనా తమ ఇంటిలో చేసుకోదగినది. అందుకే అది అంటుకొని వ్యాపించింది.

అదే శీతకాలములో జరిగిన మరొక కథ ఉంది. జనవరి 25 నుంచి 27 వరకు ఒహైయో, మిచిగన్, ఇండియానా రాష్ట్రాలను మరొక తుఫాను ముంచింది. రహదారులపై చిక్కిన లారీ డ్రైవర్లు తమ సి.బి. రేడియోల ద్వారానే లోకముతో మాట్లాడారు. ఆ రేడియో కబుర్లనే అనుకరిస్తూ ఒహైయోలోని కొలంబస్ నగరపు కంప్యూసర్వ్ సంస్థ 1980లో సి.బి. సిమ్యులేటర్ అనే సంభాషణా వేదికను తెచ్చింది. ఫిబ్రవరి 6, 7 తేదీలలో బోస్టన్ నగరముపై 27 అంగుళాల మంచు పడింది. నగరము చుట్టూ తిరిగే 128వ నంబరు రహదారిపై 3,000కు పైగా కార్లు నిలిచిపోయాయి. చాలామందిని నడిపించుకొని వెళ్ళి చర్చిలలో, సినిమాహాలులో తలదాచారు. కాని 14 మంది కార్లలోనే మరణించారు. వారిని చంపినది చలి కాదు.

చలికి తాళలేక వారు ఇంజనును నడుపుతూ కూర్చున్నారు. చుట్టూ మంచు పేరుకొని పొగ గొట్టమును మూసివేసింది. బయటకు పోవలసిన కార్బన్ మోనాక్సైడ్ కారులోనికి వచ్చింది. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె దీనిని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. శరీరము ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, కాని కణజాలమునకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, ఓకరింత, మగత. మగతను అలసట అనుకొని మనిషి కళ్ళు మూసుకుంటాడు. ఈ రోజులలో ఇంటింటా ఉన్న, వేలికి తగిలించే ఆక్సిమీటరు కూడా ఇక్కడ మోసపోతుంది. ఆ విషవాయువును మోస్తున్న హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుతో ఉన్నట్లే లెక్కించి 98 శాతము అని చూపిస్తుంది. బాధితుని వెంటనే ఆరుబయటకు చేర్చాలి. సాధారణమైన గాలి పీలుస్తూ ఉంటే రక్తములోని ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ముసుగుతో గాఢమైన ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నర చాలును. మన ప్రాంతములో మంచు లేదు కాని కుంపటి ఉంది. తలుపులు బిగించుకొని, బాలింతరాలి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొనే ఇళ్ళను నా వృత్తిజీవితములో చూచాను. కొన్నింటిని ఆలస్యముగా చూచాను.

తుఫాను వెలిసిన తరువాత ఇంకొక ప్రమాదము కాచుకొని ఉంటుంది. ఇంటి ముందు మంచును పారతో ఎత్తిపోయడము చూడటానికి తేలిక. 1995లో మిచిగన్ రాష్ట్రపు వైద్యులు వ్యాయామపు అలవాటు లేని పదిమంది ఆరోగ్యవంతులైన మగవారిచేత మంచు ఎత్తించి పరీక్షించారు. రెండు నిమిషాలలోనే వారి గుండె వేగము గరిష్ఠ పరిమితిలో 85 శాతమును దాటింది. పై రక్తపుపోటు సగటున 200కు చేరువ అయింది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, భుజాల శ్రమ కాళ్ళ శ్రమ కంటె గుండెకు బరువు, పార ఎత్తేటప్పుడు మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళిన మన పెద్దలు, ‘ఊరికే కూర్చోవడమెందుకు’ అని పార అందుకోవడము నేను ఒప్పుకోను. ముఖ్యముగా గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము ఉన్నవారు.

ఒంటరితనము గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఏకాకితనము ప్రజారోగ్య సమస్య అని ప్రకటన వెలువరించారు. అది రోజుకు 15 సిగరెట్లతో సమానమన్న పోలిక అప్పుడు పత్రికలలో బాగా తిరిగింది. అంత ఖచ్చితమైన లెక్కలపై నాకు నమ్మకము తక్కువ. అయినా, మాట్లాడే మనిషి ఉన్న రోగికీ లేని రోగికీ ఉన్న తేడా నేను వార్డులో రోజూ చూచినదే. 1990వ దశకములో అమెరికా విశ్వవిద్యాలయాలలో చదివే మన పిల్లలు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టుకుంటూ యూజ్‌నెట్ తెలుగు చర్చావేదికలో పద్యాలపై, పచ్చళ్ళపై వాదులాడుకొన్నారు. తరువాత వచ్చిన ఒక చర్చాబృందమునకు రచ్చబండ అనే పేరే పెట్టుకొన్నారు. 1996 జనవరిలో ఫిలడెల్ఫియాపై 30 అంగుళాల మంచు పడింది. అటువంటి రోజులలో, తెలుగు మాట చెవిన పడని వసతిగృహపు గదిలో, ఆ వాదులాటలకు ఎంత విలువ ఉండి ఉంటుందో ఊహించవచ్చును.

2021 ఫిబ్రవరిలో మంచు ఎరుగని టెక్సస్ రాష్ట్రముపై తుఫాను పడింది. లక్షల ఇళ్ళలో కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్కలలో మృతులు 246 మంది. వారిలో ఎక్కువమంది చలికే మరణించారు. గరాజులో కారు నడిపి, ఇంటిలో బొగ్గుల గ్రిల్లు వెలిగించి, విషవాయువుకు బలైన వారు కూడా ఉన్నారు. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్న సంగతి తెలిసినదే. నా హైస్కూలు సహాధ్యాయి ఒకడు, తెలుగు పండితునిగా విరమించినవాడు, అప్పుడు అక్కడ కొడుకు ఇంటిలో ఉన్నాడు. మా వాట్సాప్ బృందములో ఆ రోజంతా అతని కబుర్లే. కుళాయి గడ్డకట్టిందనీ, మూడు స్వెట్టర్లు వేసుకొన్నాననీ, కోడలు బకెట్టుతో మంచు తెచ్చి కరిగించిందనీ వ్రాస్తున్నాడు. మేము నవ్వుకుంటున్నాము. సాయంత్రము మాకు, తెల్లవారుజాము వారికి. గరాజులో బొగ్గుల పొయ్యి పెట్టి టీ కాస్తున్నామనీ, చలి రాకుండా తలుపు దించామనీ, పొద్దుటినుంచి అందరికీ తలనొప్పిగా ఉందనీ, మనుమడు లేవనంటున్నాడనీ ఒక సందేశము వచ్చింది.

వెంటనే ఫోను చేశాను. ‘ఒరేయ్, టీ సంగతి తరువాత, ముందు తలుపెత్తు, పిల్లవాడిని ఎత్తుకొని అందరూ బయటకు రండి’ అని అరిచాను. ఎన్నడూ నా మాట వినని వాడు ఆ రోజు విన్నాడు. అవసర చికిత్స వాహనము రావడానికి చాలాసేపు పట్టింది. రెండు గంటల తరువాత బృందములో అతని సందేశము కనిపించింది. మనుమడు కళ్ళు తెరిచి బిస్కట్లు అడిగాడట. ఆక్సిజను ముసుగు తీసిన తరువాత అందరికీ తలనొప్పి తగ్గిందట. టీ మాత్రము గడ్డకట్టిపోయిందట.