నైరోబీ నగరములో మటాటులు

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు నైరోబీ రాజధాని. మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సునకు రైలుమార్గము వేయుచుండగా, 1899లో నడుమ మజిలీగా ఈ ఊరు వెలసినది. ఆ మార్గమును నిర్మించిన కూలీలలో వేలకొలది భారతీయులుండిరి. మజిలీ పట్టణమైనది; పట్టణము రాజధానియైనది. 1969లో అయిదు లక్షలు దాటిన జనాభా, 2019 లెక్కలనాటికి సుమారు 44 లక్షలకు పెరిగినది.

జనము పెరిగినంత వేగముగా బస్సులు పెరుగలేదు. 1934లో ఒక ప్రైవేటు కంపెనీ బస్సులను ప్రారంభించినది. 1963లో స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పల్లెలనుండి వలసలు హెచ్చి, నగరపు అంచులలో కొత్త పేటలు లేచినవి. ఆ పేటలలోని పనివారిని పాత వ్యానులు, చిన్న లారీలు లైసెన్సు లేకయే చేరవేయసాగినవి. వీనికే మటాటులని పేరు. ‘మూడు’ అను అర్థముగల స్థానిక పదమునుండి ఈ పేరు వచ్చినది. మొదటి ఛార్జీ మూడు పదిసెంట్ల నాణెములని చెప్పుదురు. 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా వీనిని లైసెన్సు లేకుండనే నడుపుకొనుటకు అనుమతించెను. దానితో బండ్లు వేగముగా పెరిగినవి, చిక్కులును పెరిగినవి.

ఈ చిక్కులకు మూలమేమి? సాధారణముగా బండి యజమాని ఒకరు, నడుపువాడు మరియొకరు. ప్రతి సాయంత్రము డ్రైవరు యజమానికి నిర్ణీతమైన సొమ్ము చెల్లింపవలెను. పెట్రోలు ఖర్చు పోగా మిగిలినదే డ్రైవరుకును కండక్టరుకును కూలి. పదునాలుగు సీట్ల బండి తొమ్మండుగురితో బయలుదేరినదనుకొందము. ఖాళీగానున్న అయిదు సీట్ల నష్టము యజమానిది కాదు, డ్రైవరుది. కనుక బండి నిండువరకు కదలదు. కదలిన పిమ్మట, పోయిన కాలమును రాబట్టుకొనుటకు పరుగులు తీయును. ముందరి బండిని దాటినవానికే తరువాతి స్టాపులోని ప్రయాణికులు దక్కుదురు. వాన కురిసిన దినమున ఛార్జీ పెరుగుటకును, బండిలో జనమును క్రుక్కుటకును కారణమిదియే.

ప్రభుత్వము ఊరకుండలేదు. 1984 చట్టము లైసెన్సును, బండి తనిఖీని తప్పనిసరి చేసినది. రవాణా మంత్రి జాన్ మిచుకి ప్రకటించిన నిబంధనలు 2004 ఫిబ్రవరి 1న అమలులోనికి వచ్చినవి. గంటకు 80 కిలోమీటర్లు మించనీయని వేగనియంత్రకము, ప్రతి సీటుకు బెల్టు, బండి చుట్టును పసుపు పట్టీ, సిబ్బందికి యూనిఫారము వీనిలో ముఖ్యమైనవి. తొలిదినములలో అనేక బండ్లు రోడ్డెక్కకపోగా, ప్రజలు కాలినడకన పనులకు పోయిరి. మొదట కొంత క్రమము కనబడినది. క్రమక్రమముగా పట్టు సడలినది. వేగనియంత్రకము యంత్రమునకు బిగింపబడినదే కాని, సాయంత్రము చెల్లింపవలసిన సొమ్ము మారలేదు.

2014లో నైరోబీ విశ్వవిద్యాలయమువారును అమెరికా పరిశోధకులును కలిసి మటాటుల పటమును వెలువరించిరి. విద్యార్థులు మొబైలు ఫోనులతో బండ్లలో తిరిగి, ప్రతి స్టాపును గుర్తించిరి. 130కి పైగా మార్గములు అందు తేలినవి. ఎవరును ముందుగా రచింపకున్నను, ప్రయాణికుల అవసరమే ఆ దారులను ఏర్పరచినది.

కావున మటాటులను తొలగించినచో లక్షలాది పనివారికి దారి మూసినట్లగును; ఉన్నవి ఉన్నట్లు విడిచినచో ప్రాణములకు ముప్పు తప్పదు. డ్రైవరుకు నెలజీతము, నిర్ణీతమైన పనిగంటలు ఏర్పడిననాడు, ముందరి బండిని దాటవలసిన అగత్యము అతనికుండదు. చట్టము చేరవలసిన చోటు అదియే.